చేప నీసు కాదేటి వదినా?

"అదేటి వదినా, నీసు మానేశామంటావు. పొయ్యి మీదేమో చేపల పులుసు. చేప నీసు కాదేటి?"

పక్కింటి అత్త ఏడాదికోసారైనా మా అమ్మని అడిగే ప్రశ్న ఇది. మా నర్సీపట్నంలో నీసు అంటే కోడీ, మేకా, చేపా, రొయ్యా, ఆఖరికి గుడ్డు కూడా. కార్తీక మాసం వచ్చిందంటే వాళ్లింట్లో ఇవేవీ గుమ్మం తొక్కవు. అలాంటావిడకి, నుదుట విభూది పెట్టించుకుని తపస్సుకాలం మొదలెట్టిన మా ఇంట్లోంచి శుక్రవారం పూట ఎండు నెత్తళ్ల వాసన గుప్పుమంటే ఎలా ఉంటుంది చెప్పండి!

అమ్మ దగ్గర ఒక్కటే జవాబు. "ఫాదర్ గారు మాంసం తినొద్దన్నారు. చేప మాంసం కాదు." అత్త నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వేది. నాకు మాత్రం తల కొట్టేసినట్టుండేది, మేమేదో దేవుడికి దొంగలెక్క చూపిస్తున్నట్టు.

మా ఊరికి సముద్రం దగ్గరేం కాదు. ఇటు చూస్తే చింతపల్లి కొండలు. సముద్రపు చేప కావాలంటే పూడిమడక నుంచో, పాయకరావుపేట వైపు నుంచో రావాలి. ఐసు పెట్టెలు అంతగా లేని రోజుల్లో అది ఊరు చేరేసరికి దాని కళ్లు గుంటలు పడిపోయి ఉండేవి. తాండవ రిజర్వాయరు చేప దొరికితే ఆ రోజు మా అదృష్టం. అందుకే మా ఇంట్లో చేపంటే సంతలో తట్టల్లో పోసి అమ్మే ఎండు చేపే. తపస్సుకాలం మామిడి పిందెలు కాయలయ్యే రోజుల్లోనే వస్తుంది కాబట్టి, పచ్చి మామిడికాయ ముక్కలేసి ఎండు నెత్తళ్ల పులుసు. ఇక మాంసమంటారా, పండక్కో, చుట్టాలొస్తేనో. శుక్రవారం మాంసం మానడం మాకు పెద్ద త్యాగమేం కాదు. శనివారం కూడా ఉండేది కాదు మరి!

పెద్దయ్యాక అత్త ప్రశ్నకి జవాబు వెతికాను. ఏసు సిలువ మీద ప్రాణం విడిచింది శుక్రవారం కనుక ఆ రోజు మాంసం మానడం తొలినాళ్ల నుంచీ ఉన్న ఆచారం. చిక్కంతా మాటలో ఉంది. లాటిన్‌లో మాంసానికి 'కారో' అంటారు. మన నీసులా అన్నిటినీ కలిపేసే మాట కాదది. చర్చి నియమంలో దానికి నేల మీద తిరిగే జంతువులు, పక్షుల మాంసమనే అర్థం. చేప లెక్క వేరు. తపస్సుకాలానికి ముందు గోవాలో జరిగే కార్నివాల్ పేరులో దాక్కున్నదీ ఆ మాటే.

13వ శతాబ్దంలో థామస్ అక్వినాస్ అనే వేదాంతి దీనికి కారణం రాశాడు. నేల మీది జంతువుల మాంసం, వాటి పాలు, గుడ్లు మనిషికి చేపకన్నా ఎక్కువ రుచినీ పుష్టినీ ఇస్తాయి, కోరికల్ని రేపుతాయి, అందుకే మానమన్నారట. అంటే చేప పవిత్రమని కాదన్నమాట, అది తక్కువ రకం తిండని! ఒకప్పుడు పాలు, వెన్న, గుడ్లు కూడా నిషేధమే. 1966లో పోపు ఆరో పాల్ నియమాలు సడలించారు. 1983 నాటి చర్చి శాసనం ప్రకారం మాంసం మానాల్సింది 14 ఏళ్లు నిండినవాళ్లు. విభూది బుధవారం, గుడ్ ఫ్రైడే నాటి ఉపవాసం 18 నిండిన దగ్గర్నుంచి 60లో పడేదాకా. మాంసం వద్దన్నారే తప్ప చేప తినమని ఎవరూ అనలేదు. తినేవాళ్లు ఊరుకుంటారా? 1962లో అమెరికాలోని సిన్సినాటిలో మెక్‌డొనాల్డ్స్ కొట్టు నడిపే ఒకాయన, శుక్రవారాలు బేరం పడిపోతోందని చేప శాండ్‌విచ్ తయారుచేశాడు. ఇప్పటికీ అమ్ముతూనే ఉన్నారు.

ఇంత చదివిన నేను చేసిన ఘనకార్యం వినండి. ఓ తపస్సుకాలం శుక్రవారం విశాఖ నుంచి ఇంటికొస్తూ కిలో వంజరం పట్టుకొచ్చాను. దాని ఖరీదుకి రెండు మూడు కిలోల కోడిమాంసం వస్తుంది. అమ్మ ముక్కలు కడుగుతూ ఎంతయిందని అడిగింది. చెప్పాను.

"ఇది ఉపవాసమేట్రా? పెళ్లి భోజనం."

వేయించి మాకు పెట్టింది. అత్తకీ నాలుగు ముక్కలు పంపింది. తను చారన్నం తింది. బీరువా పక్కన ఆవిడకో ఖాళీ హార్లిక్స్ సీసా ఉంటుంది. తపస్సుకాలంలో మానేసిన టీ డబ్బులు, కూర డబ్బులు అందులో పడతాయి. పండగ ముందు అవి ఎవరింటికి వెళ్తాయో మాకెప్పుడూ చెప్పదు. ఆ రాత్రి సీసా వంక చూడటానికి నాకు మొహం చెల్లలేదు.

2024 గుడ్ ఫ్రైడే మార్చి 29న వచ్చింది. అప్పటికి అమ్మకి 68 ఏళ్లు, సుగరు. మాత్ర వేసుకుని తిండి మానేస్తే కళ్లు తిరిగి పడతారని డాక్టరు గట్టిగా చెప్పాడు. పొద్దుటి నుంచీ పచ్చి మంచినీళ్లయినా ముట్టలేదు. మధ్యాహ్నం గుడిలో సిలువ మార్గం అంతా నిలబడే చేస్తానంటుంది.

"అరవై దాటినవాళ్లకి ఉపవాసం లేదమ్మా. జబ్బున్నవాళ్లకి అసలే లేదు. శాసనంలోనే ఉంది" అన్నాను.

"నీకు ఎప్పుడూ తినడానికే దొరుకుతాయిరా రూల్సు" అంది.

ఏమంటాను? వంజరం తెచ్చిన నోరు కదా. ఆవిడ చేతులు సన్నగా వణుకుతున్నాయి. కోపంతో, భయంతో వీధి అరుగు మీదకొచ్చి కూర్చున్నాను. అత్త చూసి సంగతేమిటని అడిగింది. చెప్తే మారుమాట్లాడకుండా లోపలికెళ్లిపోయింది.

కాసేపటికి స్టీలు గిన్నెతో వచ్చింది. చోడి అంబలి. కాస్త మజ్జిగ, ఒక ఉల్లిపాయ ముక్క. నన్ను దాటుకుని తిన్నగా వంటింట్లోకి వెళ్లి అమ్మ ముందు పెట్టింది.

"చోళ్లు నీసు కాదులే వదినా. తాగు."

అమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. గిన్నె అందుకుని సగం తాగింది.