గండికోట దారిలో కలమళ్ళ

మా మైదుకూరు నుంచి గండికోటకు ప్రొద్దుటూరు, జమ్మలమడుగు మీదుగా పోతాం. బెంగుళూరు నుంచి మా ఆఫీసువాళ్ళు ఎవరొచ్చినా పెన్నా లోయ దగ్గర నాలుగు ఫోటోలు దిగి బండెక్కేస్తారు. ప్రొద్దుటూరులో ఎర్రగుంట్ల వైపు తిరిగితే కలమళ్ళ ఉందని చెప్తే, "థర్మల్ ప్లాంటు దగ్గరే కదా?" అంటారు.

అదే కలమళ్ళ! అక్కడి చెన్నకేశవస్వామి గుడి ఆవరణలోనే క్రీ.శ. 575 నాటి ఎరికల్ ముత్తురాజు శాసనం దొరికింది. ఇప్పటిదాకా తెలిసిన తెలుగు శాసనాల్లో మొదటిది అదేనంటారు. శాసనమంటే సంస్కృతమో, ప్రాకృతమో అనుకునే రోజుల్లో ఒక రేనాటి చోళరాజు జనం మాటను రాయికెక్కించాడు.

ఆక్లండులో ఉండే మనవాళ్ళు రోటోరువా దాకా డ్రైవ్ చేసుకుపోయి, టికెట్టు కొని మరీ మావోరీల ఊరు చూసొస్తారు. మంచిదే, చూడాల్సిందే. కలమళ్ళకైతే టికెట్టు కూడా అక్కర్లేదు. ప్రొద్దుటూరులో టిఫిను చేసి ఓ పూట ఇటు తిరగండి, గండికోట ఎక్కడికీ పోదు.