పద్మినికి మాటు

గుంతకల్లులో డిగ్రీ పిల్లలకు తెలుగు చెప్పే నేను రెండేళ్లుగా ఆదివారాలు ఒక వెల్డింగ్ షాపులో గడుపుతున్నానంటే వినేవాళ్లకు ముందు నవ్వొస్తుంది, తర్వాత జాలేస్తుంది. "ఇంట్లో ఏమన్నా ఇబ్బందా మేడం?" అని అడిగిన సహోద్యోగులున్నారు. సెలవొస్తే పాత బుల్లెట్ విప్పుకుని కూర్చునే మా కెమిస్ట్రీ లెక్చరర్‌ని మాత్రం ఎవరూ అట్లా అడగరు. ఆయనది హాబీ. మగవాడి తీరిక అతని సొంతం. ఆడదాని తీరిక ఇంటి సొంతం. ముగ్గు, కుట్టు, ఊరగాయ - ఇంటికి అక్కరకొచ్చినంత వరకే మన సరదాలకు గౌరవం. ఇంటికి ఏ రకంగానూ పనికిరాని సరదా ఒకటి పెట్టుకుని చూడండి, మన కాలం ఎవరి చేతిలో ఉందో తెలుస్తుంది.

నా సరదా 1984 నాటి ప్రీమియర్ పద్మిని. మా నాన్న రైల్వేలో ఫిట్టర్. 1956లో గుంతకల్లు డివిజన్ ఏర్పడినప్పటి నుంచి ఈ ఊరి ఇళ్ల గడియారాలన్నీ రైలు కూతల మీదే నడిచాయి. నాన్న 1996లో ఈ కారును సెకండ్ హ్యాండ్‌లో కొన్నాడు. పీఎఫ్ లోను సరిపోకపోతే అమ్మ చేతి గాజులు నాలుగు తులాలు కలిశాయి. ఆర్సీ నాన్న పేరు మీద వచ్చింది. అమ్మ ఆ కార్లో ఎప్పుడూ వెనక సీట్లోనే కూర్చుంది.

ఆ కారు చరిత్ర కూడా చూడాలి. ఇటలీ ఫియట్ 1100డీని 1964 నుంచి బొంబాయి కుర్లాలో ప్రీమియర్ కంపెనీ తయారు చేసింది. మొదట డిలైట్, తర్వాత ప్రెసిడెంట్, 1970ల నడుమ నుంచి పద్మిని. దాదాపు 2000 సంవత్సరం దాకా తయారయింది. బొంబాయి నల్లపసుపు టాక్సీలుగా నడిచిన పద్మినిలు 2023 అక్టోబరు ఆఖరుకు రోడ్ల మీంచి తప్పుకున్నాయి. ప్రెసిడెంటుగా ఉన్నంతకాలం అది పదవి. పద్మిని కాగానే ఆడదయింది. చిత్తోడు రాణి పేరది అంటారు. మన కావ్యాల్లోనైతే పద్మిని, చిత్తిని, శంఖిని, హస్తిని అని ఆడవాళ్లను వర్గీకరించిన జాబితాలో మొదటి పేరు. షాపుకొచ్చే మగవాళ్లు బానెట్ మీద చెయ్యి వేసి "షేపు చూడండి సార్" అనుకోవడం విన్నప్పుడల్లా ఆ జాబితా రాసినవాళ్లు ఇంకా బతికే ఉన్నారనిపిస్తుంది.

అనంతపురం జిల్లాలో ఏడాదికి కురిసేది 550 మిల్లీమీటర్ల చిల్లర వాన. ఇంత కరువు నేలలో ఇనుము తుప్పు పట్టడమేమిటని అనుకుంటాం. సముద్రం పక్కన మద్రాసులో ఉన్న కారుతో పోలిస్తే మాది అదృష్టవంతురాలే. కానీ ఇక్కడి శత్రువు దుమ్ము. తలుపు అడుగున నీళ్లు కారిపోవడానికి సన్నటి రంధ్రాలుంటాయి. వాటిని ఎర్రదుమ్ము పూడ్చేస్తుంది. కడిగిన నీళ్లు, ఎప్పుడో పడ్డ వాన లోపలే నిలుస్తాయి. కాళ్ల కింద రబ్బరు మ్యాటు ఆ తడిని నెలల తరబడి దాస్తుంది. పైకి రంగు నిగనిగలాడుతూనే ఉంటుంది. మ్యాటు ఎత్తి స్క్రూడ్రైవరుతో పొడిస్తే అది నేరుగా నేలకు దిగిపోతుంది.

లారీకి ఉన్నట్టు పద్మినికి వేరే చాసిస్ ఉండదు. ఫ్లోరు, తలుపుల కింద పెట్టెల్లా మలిచిన పట్టీలు - ఇవే బండి బరువంతా మోస్తాయి. కంటికి కనపడనివే ఆధారం. అందుకే తుప్పు మీద పుట్టీ మెత్తి రంగు కొట్టే టింకరింగ్ ప్రాణాంతకం. అమ్మడానికి ముందు చాలా కార్లకు జరిగేది అదే. మన ఇళ్లలో చాలా సంగతులకు జరిగేదీ అదే.

అసలు పద్ధతి వేరు. ముందు పెట్రోలు ట్యాంకు దించాలి, బ్యాటరీ విప్పాలి. తుప్పును గట్టి ఇనుము తగిలేదాకా కోసెయ్యాలి. అట్ట ముక్కతో కొలత తీసి, దాని ప్రకారం ఇరవై గేజీ రేకు కత్తిరించాలి. అంటే మిల్లీమీటరు కంటే పల్చన. గేట్లు, గ్రిల్లులు అతికే రాడ్డు వెల్డింగ్ దీని మీద పెడితే రేకు కరిగి చిల్లి పడుతుంది. అందుకే సీఓటూ మిషను. సన్నటి తీగ దానంతటదే వస్తూ కరుగుతుంది, గ్యాసు ఆ కరిగిన చుక్కకు గాలి తగలకుండా కాపాడుతుంది. గీత లాగకూడదు. ఈ కొసన ఒక చుక్క, ఆ కొసన ఒక చుక్క, నడుమ ఒకటి. చల్లారనివ్వాలి. వేడి ఒకేచోట చేరితే రేకు అప్పడంలా వంకరపోతుంది. చుక్కలన్నీ కలిసేసరికి ఒక జానెడు అతుక్కి గంట పడుతుంది. చీకటి అద్దం వెనక నుంచి చూస్తే లోకమంతా మాయమై ఆవగింజంత వెలుగు మాత్రమే మిగులుతుంది. ఆ గంటలో నేను ఎవరి కూతుర్నీ కాదు, ఎవరి టీచర్నీ కాదు. ఆ సుఖం గురించి మనం తక్కువ రాసుకున్నాం.

ఇది కొత్త సంగతేమీ కాదు. రెండో ప్రపంచ యుద్ధంలో అమెరికా ఓడల కర్మాగారాల్లో వేలమంది స్త్రీలు వెల్డర్లయ్యారు. శిక్షణ పొందిన ఆడవాళ్లు పని ఎందుకు మానేస్తున్నారో తెలుసుకోవడానికి ప్రభుత్వ విద్యాశాఖ పంపితే, ఆగస్టా క్లాసన్ మామూలు కార్మికురాలిగా చేరి వెల్డింగ్ చేసి, 1944లో ఆ దినచర్యను పుస్తకంగా తెచ్చింది. యుద్ధం ముగియగానే వాళ్లలో ఎక్కువమందిని ఇళ్లకు పంపేశారు. 1960లలో చిత్రకారిణి జూడీ షికాగో కార్లకు రంగులు వేసే బడిలో చేరింది. 250 మంది మగవాళ్లలో ఆమె ఒక్కతే. మన తెలుగు అమ్మాయి అయ్యలసోమయాజుల లలిత పద్దెనిమిదేళ్లకే భర్తను పోగొట్టుకుని, చంటిబిడ్డ తల్లిగా మద్రాసు గిండీ కాలేజీలో చదివి 1943లో ఎలక్ట్రికల్ ఇంజనీరయింది. జమాల్‌పూర్ రైల్వే వర్క్‌షాపులో అప్రెంటిస్‌గా పని చేసింది. రైల్వే ఊళ్లో పెరిగిన నాకు ఆమె పేరు ఏ పాఠంలోనూ రాలేదు. మా ఇంట్లో పానాల కొలతలు అన్నకు నేర్పారు, నాకు గుణింతాలు నేర్పారు. ఇద్దరికీ రెండూ నేర్పితే ఏం పోయేదని ఇప్పుడనిపిస్తుంది.

అయితే ఈ పేర్ల జాబితాతో ఆగిపోతే 'తొలి మహిళ'ల కథే మళ్లీ చెప్పుకున్నట్టు. మా షాపులో నా కళ్లు తెరిపించింది మేస్త్రి భార్య. ఆయన అతికేటప్పుడు రేకు కదలకుండా పట్టుకునేది ఆమె. ముప్పై ఏళ్లుగా పట్టుకుంటోంది. షాపులో ఉన్నది ఒకటే మాస్కు, అది ఆయన మొహానికి. ఆమె తల పక్కకు తిప్పి కళ్లు మూసుకుంటుంది. కట్టుకున్న నైలెక్స్ చీర కొంగు నిండా నిప్పురవ్వలు పడి సన్నటి చిల్లులు. ఆర్క్ వెలుగు కంటికి చేసే గాయం వెంటనే తెలియదు. కొన్ని గంటలు పోయాక, నడిరేయి కళ్లలో ఇసుక పోసినట్టు లేస్తుంది. "అట్ల లేసినప్పుడు ఉర్లగడ్డ కోసి కండ్ల మీద పెట్టుకుంటానక్కా. తెల్లారితే మళ్లా పని ఉంటాది గదా" అంది.

"నువ్వు చేసే పనికి పేరేమిటి?" అని అడిగాను.

"దీనికేం పేరుంటాదక్కా? పట్టుకునేదే."

కొలిమి కాలం నుంచీ ఇంతే. తిత్తి ఊదింది ఆమె. ఊరూరా తిరిగే కమ్మరి కుటుంబాల్లో రోడ్డు పక్కన సమ్మెట ఎత్తి కొట్టేది ఇప్పటికీ ఆమే. పట్టకారు పట్టుకుని కూర్చున్న మగవాడికి కులవృత్తి, ఆమెకు 'సాయం'. నిప్పు దగ్గర ఆడది లేకపోవడం కాదు సమస్య. ఉన్నదాన్ని లెక్కలో రాయకపోవడం. నాకు వెల్డింగ్ కొత్త దారి. ఆమెకు రోజూ నడిచే దారి. నా చేతికి మసి అంటితే కబురవుతుంది, ఆమెకు అంటితే కడుక్కోవాలి. నెల జీతం వచ్చే నేను దీన్ని స్వేచ్ఛ అనగలను. ఆ మాట ఆమె తరఫున కూడా అనే హక్కు నాకు లేదు.

పదో నెంబరు అద్దం ఉన్న మాస్కు ఇంకోటి, మందపాటి నూలు చొక్కాలు రెండు కొన్నాను. ఒకటి నాకు, ఒకటి ఆమెకు. మేస్త్రి అడ్డు చెప్పలేదు. "ఆమెకెందుకు మేడం, పట్టుకునేదానికి?" అని మాత్రం అన్నాడు. పట్టుకునేదానికే, అన్నాను.

ఇక కారు ఎవరిదన్న పేచీ. నాన్న పోయాక అన్న దాన్ని పాత ఇనుముకు వేద్దామన్నాడు. వారసుల పేరుకు మార్చాలంటే మిగతావాళ్ల ఒప్పుకోలు కాగితం కావాలి. "కారు నడిపేదీ లేదు, నీకెందుకు?" అన్నాడు. నాన్న వీలునామా రాయలేదు. 1956 హిందూ వారసత్వ చట్టం ప్రకారం ఆయన స్వార్జితంలో భార్యకు, కొడుక్కి, కూతురికి తలా ఒక సమాన వాటా. పొలం విషయంలో ఈ మాటెత్తితే కుటుంబాలు చీలిపోతాయి. తుక్కు కారు కాబట్టి మా ఇంట్లో ఈ మాట నోరు తెరిచి అనగలిగాను. అమ్మ అంతా విని, "నా గాజులు దాంట్లో ఉండాయి. దాని పేరున పెట్టండి" అంది. ముప్పై ఏళ్లలో ఆ గాజుల సంగతి ఆమె నోట వినడం అదే మొదలు. అన్న సంతకం పెట్టాడు, ముభావంగానే.

పోయిన నెల ఫ్లోరు ఎడమవైపు ఆఖరి రేకు మిగిలింది. మేస్త్రి గేటు పని మీద బయటికి పోయాడు. గన్ను నా చేతిలో ఉంది. ఆమె రేకు పట్టుకుంది, మాస్కు దించుకుంది. మూడు చుక్కలు వేశాక ఆమె మాస్కు పైకెత్తి అద్దాన్ని చీర కొంగుతో తుడిచింది. "ఇన్నేండ్లూ సప్పుడే విన్యానక్కా. లోపల ఇట్ల కరుగుతాదని తెలీదు" అంది. నాలుగో చుక్క దగ్గర నేను రేకు పట్టుకున్నాను.