కామాఠీపురాలో అత్తమ్మ గది

సోలాపూర్‌లో రాత్రి సిద్ధేశ్వర్ ఎక్స్‌ప్రెస్ ఎక్కితే తెల్లవారేసరికి బొంబాయిలో ఉంటాం. అక్కడినుంచి లోకల్లో బైకుల్లా, బైకుల్లా నుంచి నాగ్‌పాడా మీదుగా నడక. చిన్నప్పుడు నాన్న చెయ్యి పట్టుకుని నడిచిన దారే. ఊరి పేరు మారి ముప్పై ఏళ్లయినా మా ఇంట్లో అది ఇంకా బొంబాయే. ఈసారి చుట్టపుచూపుగా వెళ్లలేదు. "కాయితమొకటి వచ్చింది బిడ్డా, మరాఠీల ఉన్నది. నువ్వొచ్చి సదివి చెప్పు" అని మేనత్త ఫోను చేసింది. బావ చదవలేడా అంటే, "వాడు సదివితే వానికి కావాల్సిందే సదువుతడు" అంది.

కామాఠీపురా అనగానే చాలామంది ముఖం ఒకలా పెడతారు. ఎందుకో అందరికీ తెలుసు, చెప్పనక్కర్లేదు. కాని ఆ పేరు మన పేరు. నిజాం రాజ్యంలోని తెలంగాణ పల్లెలు వదిలి కూలికి వచ్చి, ఈ నగరంలో రోడ్లూ భవనాలూ కట్టిన మనవాళ్లను ఇక్కడివాళ్లు కామాఠీలన్నారు. వాళ్లు కాపురమున్న పేట కామాఠీపురా అయింది. వాళ్లలో కొందరు పెద్ద కంట్రాక్టర్లయ్యారు. జోతిబా ఫూలే 1873లో పుణెలో సత్యశోధక సమాజం పెట్టాక బొంబాయిలో ఆయనకు అండగా నిలిచిన వ్యంకు బాళోజీ కాళేవార్, జాయా కరాడీ లింగు తెలుగువాళ్లే. మన పిల్లలకు ఈ సంగతి ఏ పుస్తకమూ చెప్పదు, మనమే చెప్పుకోవాలి.

ఊరు కట్టినవాళ్ల ఇళ్లు ఇప్పుడు ఊతకర్రల మీద నిలబడి ఉన్నాయి. అత్తమ్మ ఉండే భవనానికి వీధివైపు గోడకు ఇనుప ఆనులు పెట్టారు. చెక్క మెట్లు నిటారుగా ఉంటాయి. పట్టుకోవడానికి పైనుంచి ఒక తాడు వేలాడుతుంది. ఎన్ని చేతులు పట్టుకున్నాయో, నున్నగా నల్లగా అయింది. రెండో అంతస్తులో వసారా చివర అందరికీ కలిపి రెండు మరుగుదొడ్లు, ఈ చివర అత్తమ్మ గది. ఒకటే గది, పైన అటక. పెళ్లయి ఇందులోకే వచ్చింది, ముగ్గురు పిల్లల్ని ఇందులోనే పెంచింది, మామ పోయింది కూడా ఇక్కడే. ఇప్పుడు ఆమెకు డెబ్బై ఆరు.

చాయ్ తాగి కాగితం చదివాను. భవనం తిరగకట్టడానికి ఒప్పుకుంటున్నానని అద్దెదారు సంతకం చేయాల్సిన సమ్మతిపత్రం అది. దాని వెనక కథ పెద్దది. ఈ పేటనంతా ఒక్కటిగా కలిపి తిరగకట్టే పనిని 2023లో మహారాష్ట్ర ప్రభుత్వం మ్హాడాకు అప్పగించింది. సుమారు 34 ఎకరాలు. మరమ్మతు సెస్ కట్టే పాత భవనాలే తొమ్మిది వందలకు పైగా ఉన్నాయి. అద్దెదారులు దాదాపు ఎనిమిది వేలమంది. పాత గదికి బదులు 500 చదరపు అడుగుల సొంత ఇల్లు ఇస్తామంటున్నారు. మ్హాడా వాటాకూ కొన్ని ఇళ్లు వస్తాయి.

మా వదినకు ఇందులో ఆలోచించాల్సింది ఏముందో అర్థం కాదు. "అర్ధరాత్రి పిల్లను తీసుకుని వసారా చివరిదాకా పొయ్యేది నేను. సంబంధం మాట్లాడేటప్పుడు మేముండేది ముంబై సెంట్రల్ అని చెప్పుకునేది నేను" అంది. ఆమె మాట కాదనలేం. సొంత స్నానాలగది ఉన్న ఇంట్లో కూర్చుని ఈ వ్యాసం రాస్తున్న నాకు ఆ గది మీద మమకారపడే హక్కు అంతగా లేదు.

అత్తమ్మ కొత్త ఇల్లు వద్దనలేదు. ఆమె అడిగింది ఒక్కటే: "ఎన్నేండ్లు పడతది?"

కాగితంలో దానికి జవాబు లేదు. ఇక్కడి పెద్దవాళ్లంతా వర్లీ వైపు చూసి లెక్క వేసుకుంటున్నారు. అక్కడి బీడీడీ చాళ్లను తిరగకట్టడానికి 2017లో భూమిపూజ చేశారు. మొదటి 556 కుటుంబాల చేతికి తాళాలు వచ్చింది 2025 ఆగస్టులో. ఇళ్లు బాగున్నాయట. కాని డెబ్బై ఆరుకు ఎనిమిది కలిపితే ఎనభై నాలుగు. ఆ ఎనిమిదేళ్లు ఎక్కడుండాలి? ట్రాన్సిట్ క్యాంపునే మరాఠీలో సంక్రమణ శిబిరం అంటారు. సూర్యుడికి నెలకొక సంక్రమణం అయిపోతుంది గాని, ఈ నగరంలో ఆ శిబిరాలకు వెళ్లి పదుల ఏళ్లు తిరిగి రానివాళ్లు ఎందరో ఉన్నారు. పక్కగది ముసలాయన అన్న వెళ్లినవాడే. అక్కడే పోయాడు.

నాకు మా ఊరు గుర్తొచ్చింది. సోలాపూర్ అవతల కుంభారిలో బీడీ చుట్టే ఆడవాళ్లకు 2006లో పదివేల ఇళ్లు వచ్చాయి. 2024 జనవరిలో అక్కడే రే నగర్‌లో మరో పదిహేను వేలు ఇచ్చారు. ఇందులో మన తెలుగువాళ్లు చాలామంది. సొంత ఇంటి గడపకు పసుపు రాసి ఏడ్చినవాళ్లను చూశాను. పెట్టె సర్దుకుని మళ్లీ పాతపేటలో కూతురింటికి వచ్చి కూర్చున్న ముసలమ్మలనూ చూశాను. గుడి దగ్గర లేదు, తెలిసిన డాక్టరు దగ్గర లేడు, బస్సు ఎక్కాలంటే ఒకరు తోడు రావాలి.

అద్దె రసీదులు చూపించమంటే అత్తమ్మ అటకమీది రేకుపెట్టె దింపించింది. ఇక్కడ చాలావరకు పగిడీ పద్ధతి. మొదట పెద్దమొత్తం ఇచ్చి, తర్వాత నామమాత్రపు అద్దె కడతారు. రసీదే ఆధారం. తీసి చూస్తే, మామ పోయి ఇన్నేళ్లయినా రసీదు ఇంకా ఆయన పేరునే వస్తోంది! బావ కూడా గమనించలేదు. అద్దెదారు పోతే కలిసి ఉంటున్న కుటుంబ సభ్యులకు హక్కు వస్తుందని 1999 నాటి మహారాష్ట్ర అద్దె చట్టం చెబుతుంది గాని, పేరు మార్పించుకోకపోతే రేపు జాబితా రాసే గుమాస్తా ముందు తంటాలు మనవే. బొంబాయి పాతపేటల్లో మీవాళ్లుంటే ఒక్కసారి రసీదు మీది పేరు చూడమనండి.

సాయంత్రం నలుగురు పెద్దవాళ్లు వసారాలో చేరారు. ఒకామె చక్కెర జబ్బుతో చూపు తగ్గినావిడ. "లిఫ్టు ఆగితే ఇరవయ్యో అంతస్తుల ఏం జేత్తం?" అంది. ఇంకొకాయన నెలనెలా నిర్వహణ ఖర్చు ఎవరు కడతారన్నాడు. ఇప్పటి అద్దెతో ఒకపూట కూరగాయలు కూడా రావు. పింఛను లేనివాడికి సొంత ఇల్లే భారమవుతుందని ఆయన భయం. బతుకమ్మ ఎక్కడ ఆడాలని అత్తమ్మ అడిగితే బావ నవ్వాడు. ఆమె నవ్వలేదు. గల్లీలో పెద్ద బతుకమ్మ పెట్టే చోటు ఆమెకు అడుగుల లెక్కన తెలుసు.

వాళ్లు చెబుతుంటే నేను మరాఠీలో రాశాను. సమ్మతి ఉంది, కాని డెబ్బై దాటినవాళ్లకు కింది అంతస్తులు కావాలి. కట్టినంతకాలం ఈ చుట్టుపక్కలే ఉండేటట్టు అద్దె ఇవ్వాలి. ఈలోగా మనిషి పోతే ఇల్లు ఎవరికో ఒప్పందంలోనే రాయాలి. నిర్వహణ ఖర్చు ఎంతో ముందే చెప్పాలి. పండగలకు కింద ఒక జాగా ఉండాలి. ఈ చివరిదాన్ని బావే గట్టిగా చదివించి మరీ రాయించాడు.

తొమ్మిదిమంది సంతకాలు చేశారు. అత్తమ్మ కూడబలుక్కుని తెలుగులో చేసింది. అసలు సమ్మతిపత్రం మాత్రం మడిచి రసీదుల పెట్టెలో పెట్టింది. "దీనికి జవాబొచ్చినంక దానిమీద సేత్త" అంది.

రాత్రి బండికి బయల్దేరుతుంటే మెట్లదాకా వచ్చింది. బల్బు పోయి చీకటిగా ఉంది. "తాడు ఇడవకు కొడుకా, మూడో మెట్టు కదులుతది" అంటూ నేను కిందికి దిగేదాకా పైనే నిలబడింది. మొన్న ఫోను చేశాను. రసీదు మీద పేరు మార్చడానికి అర్జీ ఇచ్చారట. కమిటీవాళ్లు మా కాగితం తీసుకుని ముద్ర వేసి ఇచ్చారట. జవాబు ఇంకా రాలేదు. మూడో మెట్టు మాత్రం బావ బాగుచేయించాడు.