గట్టు మీది సైకిలు బాట

మోటారు వాహనాల రొద సోకకుండా పల్లెసీమల మీదుగా మైళ్ళకు మైళ్ళు సైకిలు మీద సాగిపోయేందుకు వీలున్న దారులు వేర్వేరు దేశాల్లో ఎలా ఏర్పడ్డాయో పరిశీలిస్తే, వాటిలో చాలా దారులను మొదట సైకిళ్ళ కోసం వేయలేదని తెలుస్తుంది. రైళ్ళు ఆగిపోయిన తరవాత ఖాళీగా మిగిలిన రైలు కట్టలు, పడవలు తిరగడం మానేసిన తరవాత పనిలేకుండా పడివున్న కాలువ గట్లు, పెద్ద రోడ్డు వేరేచోట పడగా పక్కకు జరిగిపోయిన బండి బాటలు, ఇవే నేటి సైకిలు దారుల్లో శ్రేష్ఠమైనవి. ఒక కాలపు రవాణా విడిచిపెట్టిన దారిని తరవాతి తరం ముక్కలు కానివ్వకుండా నిలుపుకున్న చోట సైకిలుకు మంచి బాట దక్కింది. నిలుపుకోలేని చోట అదే దారి ఆక్రమణల్లో కలిసిపోయింది, లేదా లారీల పాలైంది. కాబట్టి ఇటువంటి బాటల చరిత్ర కొత్తగా నిర్మించినవారి చరిత్ర కన్నా, ఉన్నదాన్ని కాపాడుకున్నవారి చరిత్ర అనడమే సబబు.

పాత రైలు కట్టలూ కాలువ గట్లూ సైకిలుకు ఇంతగా నప్పడానికి కారణం వాటి వాలులో ఉంది. వాలు అంటే కొంత దూరం వెళ్ళేసరికి నేల ఎంత ఎత్తుకు లేస్తుందో తెలిపే లెక్క. మనిషి బరువూ బండి బరువూ కలిపి 85 కిలోలు అనుకుంటే, 20 అడుగులకు ఒక అడుగు చొప్పున లేచే ఎక్కుడు మీద సుమారు 4 కిలోల బరువు ఎడతెగకుండా వెనక్కి లాగుతున్నట్టు ఉంటుంది; 100 అడుగులకు ఒక అడుగు మాత్రమే లేచే దారి మీద ఆ లాగుడు కిలోకు లోపే. ఇనుప పట్టాల మీద ఇనుప చక్రాలు తేలికగా జారిపోతాయి గనుక రైలు ఇంజనీర్లు కొండను తొలిచి, లోయను పూడ్చి, వాలును వీలైనంత తగ్గించారు. కాలువ తవ్వినవారికైతే ఆ ఎంపిక కూడా లేదు. నీరు నిలకడగా ఉండాలంటే ఒక లాకు నుంచి మరో లాకు వరకూ కాలువ దాదాపు సమతలంగా ఉండవలసిందే. ఆవిరి యంత్రం కోసమూ పడవ కోసమూ పడిన ఆ శ్రమ ఫలాన్ని ఈనాడు తన కాలిబలం తప్ప మరో ఆధారం లేని సైకిలిస్టు అనుభవిస్తున్నాడు.

ఇంగ్లండులోని బ్రిస్టల్, బాత్ నగరాల మధ్య ఉన్న బాట ఇందుకు పేరుపొందిన ఉదాహరణ. మాంగాట్స్‌ఫీల్డ్ నుంచి బాత్ వరకూ 1869లో మిడ్లాండ్ రైల్వే వేసిన మార్గంలో ప్రయాణికుల రైళ్ళు 1966లో ఆగిపోయాయి. బాత్‌లోని గ్యాసు కర్మాగారానికి బొగ్గు మోసే బండ్లు 1971 వరకూ నడిచాయి. 1977లో ఏర్పడిన సైకిల్‌బ్యాగ్ అనే స్థానిక బృందం ఆ కట్టను సైకిలు బాటగా మార్చే పనికి పూనుకొని, 1979 నుంచి 1986 వరకూ విడతలవారీగా శ్రమించి, 13 మైళ్ళ దారిని, అంటే సుమారు 21 కిలోమీటర్లను, నడిచేవారికీ సైకిళ్ళకూ తెరిచింది. స్టేపుల్ హిల్ వద్ద ఒకనాడు రైళ్ళు పొగలు చిమ్ముతూ దూరిన సొరంగంలో నేడు దీపాల వెలుగులో బడిపిల్లలు సైకిళ్ళు తొక్కుతారు. బిట్టన్ దగ్గర ఔత్సాహికులు నడుపుతున్న పాతకాలపు రైలు బాట పక్కనే సాగుతుంది. ఆ చిన్న బృందమే తరవాత సస్ట్రాన్స్ అనే సంస్థగా ఎదిగి, బ్రిటన్ దేశమంతటా విస్తరించిన జాతీయ సైకిలు మార్గాల వ్యవస్థకు నాయకత్వం వహించింది. తారు పరిచిన బాట కావడం వల్ల సన్న టైర్ల సైకిళ్ళు సైతం ఇబ్బంది లేకుండా పోగలగడం దీని మరో సుగుణం.

కాపాడుకోవడం ఎంత పట్టుదలతో కూడిన పనో అమెరికాలోని చెసపీక్–ఒహాయో కాలువ కథ తెలియజేస్తుంది. పొటోమాక్ నది వెంబడి వాషింగ్టన్ నగరం నుంచి కంబర్లాండ్ వరకూ 184.5 మైళ్ళు సాగే ఈ కాలువ 1850లో పూర్తయింది. 1924లో వచ్చిన వరదతో పడవల రాకపోకలు ముగిసిపోయాయి. కంచర గాడిదలు పడవకు కట్టిన తాడును లాగుతూ నడిచిన గట్టు దారి మాత్రం మిగిలింది. ఆ మార్గంలో కార్ల కోసం రోడ్డు వేయాలన్న ప్రతిపాదన వచ్చినప్పుడు, సుప్రీంకోర్టు న్యాయమూర్తి విలియం డగ్లస్ 1954లో పాత్రికేయులనూ ప్రకృతి ప్రేమికులనూ వెంటబెట్టుకొని కంబర్లాండ్ నుంచి వాషింగ్టన్ దాకా గట్టు మీద నడిచాడు. ఆ నడక ప్రజాభిప్రాయాన్ని కదిలించింది. రోడ్డు ఆలోచన వెనక్కి పోయింది. 1971లో కాలువ ప్రాంతమంతా జాతీయ చారిత్రక ఉద్యానమైంది. ఈనాడు సైకిలు మీద ఆ దారిన పోయేవారికి లాకుల దగ్గర మాత్రమే బాట కొద్దిగా ఎక్కుతుంది. కొన్ని లాకుల రాళ్ళ అంచులలో, ఏళ్ళ తరబడి తాడు ఒరుసుకుపోవడం వల్ల పడిన గాళ్ళు ఇప్పటికీ చేతికి తగులుతాయి.

విడిచిపెట్టిన దారి దొరకని చోట, ఉన్న పల్లె దారులనే ఒక అల్లికలోకి తెచ్చే పద్ధతి ఒకటుంది. 1995లో బెల్జియంలోని లింబర్గ్ ప్రాంతంలో, హ్యూగో బోలెన్ అనే గని ఇంజనీరు ఆలోచన మేరకు, వాహనాలు పలచగా తిరిగే దారులు కలిసే ప్రతి కూడలికీ ఒక అంకె ఇచ్చి, అక్కడ నుంచి తరవాతి కూడలికి బాణం గుర్తుతో దారి చూపారు. ప్రయాణికుడు తాను దాటవలసిన అంకెలను వరసగా ఒక కాగితం మీద రాసుకుంటే చాలు. ఈ పద్ధతి నెదర్లాండ్స్‌కూ జర్మనీకీ వ్యాపించింది. దీనికి కావలసినవి పలకలూ రంగూ మాత్రమే గనుక, పెద్ద నిధులు లేని ప్రాంతాలు కూడా దీన్ని అందుకోగలవు.

ఈ నేపథ్యంలో తెలుగు నేల వైపు చూస్తే, గోదావరి, కృష్ణా డెల్టాల కాలువ గట్లు ఎంత గొప్ప వారసత్వమో బోధపడుతుంది. ఆర్థర్ కాటన్ ఆధ్వర్యంలో 1847లో మొదలై 1852లో పూర్తయిన గోదావరి ఆనకట్ట నుంచి బయలుదేరిన కాలువలను సేద్యానికే కాక పడవల ప్రయాణానికి కూడా పనికివచ్చేలా తవ్వారు. నీటి మట్టం మారే చోట రెండు జతల తలుపుల మధ్య పడవను నిలిపి, నీటిని ఎక్కించో దించో అవతలి మట్టానికి చేర్చే లాకులను కట్టారు. గోదావరి కాలువలు ఏలూరు వద్ద కృష్ణా కాలువలను కలవడంతో, అక్కడ నుంచి కొమ్మమూరు కాలువ, బకింగ్‌హాం కాలువల మీదుగా కాకినాడ సరుకు చెన్నపట్నం దాకా నీటి మీదే చేరేది. గాలి లేనప్పుడు మనుషులు తాడు భుజాన వేసుకొని గట్టు వెంబడి నడుస్తూ పడవను లాగేవారు. వారి పాదాలు నునుపు చేసిన దారే నేటి గట్టు బాటకు మొదలు. రైళ్ళూ బస్సులూ లారీలూ వచ్చి పడవలను క్రమంగా తొలగించినా, కాలువలు సేద్యానికి అవసరం గనుక వాటి గట్లు నిలిచే ఉన్నాయి.

ఈ గట్ల విలువ ఒక సాంకేతిక కారణంలో దాగివుంది. పంట బోదెల్లోకి నీరు తనంత తానుగా జారిపడాలంటే కాలువ నీటి మట్టం పొలాల కన్నా పైన ఉండాలి. అందుచేత డెల్టా ఇంజనీర్లు కాలువలను మెరక వెంబడీ, మురుగు కాలువలను పల్లం వెంబడీ నడిపించారు. ఫలితంగా, వానాకాలంలో చేలన్నీ నీళ్ళలో ఉన్నప్పుడు కూడా పొడిగా నిలిచే పొడవైన మెరక కాలువ గట్టే. దాని మీద సైకిలు తొక్కేవారికి ఒక పక్క చేతికందేటంత దగ్గరలో ఎర్రని వరద నీరు నిండుగా పారుతుంటే, మరో పక్క గట్టు దిగువన సార్వా ఊడ్పులు సాగుతున్న మడులూ, వాటి అవతల కొబ్బరి తోటలూ కనిపిస్తాయి. తూము దగ్గరకు వచ్చేసరికి బోదెలోకి దూకుతున్న నీటి చప్పుడు ముందుగా వినబడుతుంది. వేసవిలో మరమ్మతుల కోసం కాలువలు కట్టేసినప్పుడు అదే దారిలో నేలకు దిగిన మెట్ల రేవులూ, బయటపడిన పాత ఇటుక గోడలూ కాలువ కట్టడాన్ని చదువుకోవడానికి వీలు కల్పిస్తాయి.

గట్లతో పాటు పుంతల గురించి కూడా చెప్పుకోవాలి. పొలాల మధ్య ఎడ్లబండ్లు పోవడానికి ఊరుమ్మడిగా విడిచిన దారిని గోదావరి జిల్లాల్లో పుంత అనీ, కృష్ణా, గుంటూరు ప్రాంతాల్లో డొంక అనీ అంటారు. రెవెన్యూ పటాల్లో ఇవి పోరంబోకుగా, అంటే ఎవరి పట్టాలోనూ లేని ప్రజల భూమిగా నమోదై ఉంటాయి. ఒక ఊరి పుంత గట్టును చేరి, గట్టు మరో ఊరి పుంతను చేరితే, లింబర్గ్ కూడళ్ళ వంటి అల్లిక దానంతటదే సిద్ధంగా ఉన్నట్టే. అయితే పుంతలు ఏటా ఒక చాలు చొప్పున పక్క చేలల్లో కలిసిపోతున్నాయి. గట్ల మీద ఇళ్ళూ చెత్తకుప్పలూ పెరుగుతున్నాయి. వెడల్పు చేసి తారు వేసిన గట్టు దారులు కొద్దికాలంలోనే లారీలకు అడ్డదారులు అవుతున్నాయి.

ఈ బాటల మీద ఆధారపడేవారు విహారం కోసం వచ్చేవారు మాత్రమే కారు. పాల క్యాను తగిలించుకొని కేంద్రానికి పోయే రైతు, కూలికి పోయే మనిషి, ‘బడికొస్తా’ పథకం కింద సైకిలు అందుకొని పక్క ఊరి ఉన్నత పాఠశాలకు పోయిన ఆడపిల్ల, వీరందరికీ వాహనాల తాకిడి లేని దారి అంటే ప్రాణభద్రత. ఆడపిల్లకు సైకిలు ఇచ్చి, దాన్ని లారీల రోడ్డు మీద తొక్కమనడం సగం సాయమే అవుతుంది. చేయవలసిన పని కూడా అలవికానిది కాదు. పుంతలను కొలిపించి హద్దురాళ్ళు పాతించడం, గట్టు మొదట్లో లారీ పట్టకుండా సైకిలు మాత్రమే పట్టేలా స్తంభాలు నిలపడం, గ్రావెల్ పోసి దిమ్మిస చేయించడం, కూడళ్ళకు అంకెలు వేయించడం, ఇవన్నీ పంచాయతీలూ జలవనరుల శాఖా కలిస్తే జరిగేవే. గట్టు ఎవరి సొత్తో తేలకముందే అది పోతే మళ్ళీ కొనలేము. హద్దు నిలిచివుంటే దాని మీద బాట ఈ ఏడు కాకపోతే వచ్చే ఏడైనా వేసుకోవచ్చు. అందువల్ల ముందుగా కావలసింది తారు కాదు, హద్దురాయి.