అయోర్టా పెద్దదైతే అన్యురిజమేనా?

ఎకో రిపోర్టులో "అయోర్టా కొంచెం వెడల్పైంది" అన్న ఒక్క ముక్క చాలు, ఇంటిల్లిపాదికీ నిద్ర పట్టదు. అన్యురిజం అనే మాట ఎవరో ఒకరు అననే అంటారు.

రెండూ ఒకటి కాదు.

గుండె నుంచి బయల్దేరే అతి పెద్ద రక్తనాళం అయోర్టా, అంటే బృహద్ధమని. పెద్దవాళ్లలో దీని వెడల్పు ఛాతీలో పైకెక్కే చోట సుమారు 3 నుంచి 4 సెంటీమీటర్లు, పొట్టలో 2 దాకా. వయసు, ఎత్తు, ఆడామగా తేడాను బట్టి ఇది మారుతుంది. ఆరడుగుల మనిషికి మామూలైన కొలత ఐదడుగుల మనిషికి ఎక్కువ కావచ్చు.

ఉండాల్సినదానికన్నా కాస్త పెరిగితే డైలటేషన్.
ఒకటిన్నర రెట్లకు చేరితే అన్యురిజం. పొట్టలోనైతే 3 సెంటీమీటర్ల నుంచే ఆ పేరు.

బీపీ, పొగతాగడం, పుట్టుకతో రెండే రెక్కలున్న అయోర్టా కవాటం, మార్ఫాన్ సిండ్రోమ్ అనే జన్యువ్యాధి ముఖ్య కారణాలు. చాలామందికి ఏ నొప్పీ ఉండదు, అదే అసలు చిక్కు. పగిలితే ప్రాణానికే ముప్పు: ఐన్‌స్టీన్ 1955లో చనిపోయింది పొట్టలోని అన్యురిజం పగిలే.

ఆపరేషన్ మాట సాధారణంగా 5.5 సెంటీమీటర్ల దగ్గర వస్తుంది. మార్ఫాన్ ఉన్నా, వేగంగా పెరుగుతున్నా ఇంకా ముందే. అందుకే ఒక్క కొలత కన్నా, అది ఏటా ఎంత పెరిగిందన్నది ముఖ్యం.

పాత రిపోర్టులు పారేయకండి. బీపీ అదుపులో ఉంచుకోండి. ఛాతీలోనో వీపులోనో చీల్చినట్టు హఠాత్తుగా నొప్పి వస్తే, గ్యాస్ అనుకోకుండా వెంటనే ఆస్పత్రికి వెళ్లండి.