రెండు పాయల రెజిస్ట్రీ

మాఘమాసం. పెళ్లిళ్ల సీజను. రాజమండ్రి ఇన్నీసుపేటలోని ఆ డీటీపీ షాపులో యజమాని మాత్రం తల పట్టుకుని కూర్చున్నాడు.

పాత కంప్యూటరు మొరాయిస్తోందని విండోస్ 11 ఉన్న కొత్తది కొన్నాడు. శుభలేఖలు కంపోజ్ చేసే పాత సాఫ్ట్‌వేరును అందులోకి కాపీ చేశాడు. ఎక్స్‌పీలో దాచుకున్న రెజిస్ట్రీ ఫైలునూ డబుల్‌క్లిక్ చేశాడు. చేర్చానంది కంప్యూటరు. సాఫ్ట్‌వేరు తెరిస్తే మాత్రం తన వివరాలే దొరకడం లేదంటోంది!

ఎదురుగా పెళ్లికూతురి తండ్రి. "సాయంత్రానికి ప్రూఫు ఇచ్చేస్తారు కదండీ?"

"ఆయ్.. ఇచ్చేద్దామండీ" అన్నాడే కానీ గుండెల్లో గుబులు. ఇరవై ఏళ్ల పనంతా ఆ సాఫ్ట్‌వేరులోనే ఉంది మరి.

హైదరాబాద్‌లో ఉన్న మేనల్లుడికి ఫోన్ చేశాడు. "రెజిస్ట్రీలో ఉందిరా, కళ్లారా చూశాను. ఇదేమో లేదంటుంది."

"మావయ్యా, ధవళేశ్వరం దగ్గర గోదావరి ఏమవుతుంది?"

"గౌతమి, వసిష్ఠగా చీలుతుంది. ఇప్పుడదెందుకురా?"

"ఇదీ అంతే!"

రెజిస్ట్రీ అంటే విండోస్ రాసుకునే చిట్టా. ఏ సాఫ్ట్‌వేరు ఎక్కడుంది, దాని సెట్టింగులేంటి.. అన్నీ అందులోనే. 32 బిట్ ఎక్స్‌పీలో ఆ చిట్టా ఒక్కటే పాయ. 64 బిట్ విండోస్‌లో మాత్రం కంప్యూటరు మొత్తానికి చెందిన సాఫ్ట్‌వేరు పద్దు రెండుగా చీలుతుంది. 64 బిట్ ప్రోగ్రాములకు అసలు పద్దు. 32 బిట్ వాటికి 'వావ్6432నోడ్' అనే పక్క పద్దు. ఒకదాని రాత మీద ఇంకోటి రాయకుండా ఈ ఏర్పాటు. తమాషా ఏంటంటే, పాత ప్రోగ్రాముకు ఈ చీలిక సంగతే తెలియదు. అది అసలు పద్దునే అడుగుతుంది. విండోసే గప్‌చుప్‌గా పక్క పాయకు మళ్లిస్తుంది.

డబుల్‌క్లిక్‌తో తెరుచుకున్నది 64 బిట్ ఎడిటర్. అంటే వివరాలు గౌతమిలో పడ్డాయి, సాఫ్ట్‌వేరేమో వసిష్ఠలో వెతుకుతోంది!

"అసలు సీడీ ఉంటే మళ్లీ ఇన్‌స్టాల్ చేసెయ్. దారి అదే చూసుకుంటుంది."

"ఎప్పుడో గీతలు పడిపోయిందిరా."

"అయితే ముందు ఇప్పుడున్న రెజిస్ట్రీని ఎక్స్‌పోర్ట్ చేసి దాచు. తెరిచిన రెజ్‌ఎడిట్ మూసెయ్. విండోస్ ఫోల్డరులోని 'సిస్‌వావ్64'లో ఇంకో రెజ్‌ఎడిట్ ఉంటుంది. ఆ ఫైలును దాంట్లోంచి ఇంపోర్ట్ చెయ్యి."

పది నిమిషాల్లో తెరమీద వినాయకుడి బొమ్మ, కింద 'శ్రీరస్తు శుభమస్తు' ప్రత్యక్షం. పెళ్లికూతురి తండ్రి కళ్లజోడు సవరించుకున్నాడు.

ఫోన్ మళ్లీ మోగింది. "దొరికిందా మావయ్యా?"

"దొరికిందిరా.. వసిష్ఠలో!"