తాత ఫోనుకి అప్‌డేట్

మన హాస్టల్లో ఫోను ముట్టుకోనివ్వరు. కానీ సెలవులకి ఇంటికి పోతే చాలు, ఊళ్ళో ఫోన్లన్నింటికీ డాక్టర్లం మనమే. "చదువుకుంటున్నావు కదా, ఇదేంటో చూడు" అని చేతిలో పెట్టేస్తారు. 2024 సంక్రాంతి సెలవుల్లో మా తాత కూడా అలాగే పెట్టాడు. ఆ సంగతి మీకూ పనికొస్తుందని రాస్తున్నాను.

మాది శబరి ఏటి ఒడ్డున కోయ గూడెం. తాత ఫోను 2014లో కొన్నది. అద్దం ఒక మూల పగిలింది. వెనక మూత ఊడిపోకుండా రబ్బరు బ్యాండు వేసి ఉంటుంది. పనికి దూరం పోయిన మా నాన్న వాట్సాప్‌లో మాటలు రికార్డు చేసి పంపితే తాత వినేవాడు. 2023 చివర్లో అవి రావడం ఆగిపోయాయి. రీఛార్జి అయిపోయిందనుకుని పాపం తాత రెండుసార్లు డబ్బులు వేయించాడు.

నేను సెట్టింగ్స్‌లో 'అబౌట్ ఫోన్' తెరిచాను. ఆండ్రాయిడ్ 4.4 అని ఉంది. అది 2013లో వచ్చిన రకం. వాట్సాప్ వాళ్ళు 2023 అక్టోబరు 24 నుంచి 5.0 కంటే తక్కువ ఉన్న ఫోన్లని వదిలేశారు. సరే అప్‌డేట్ చేద్దామని సిగ్నల్ కోసం గుట్టెక్కి 'సిస్టం అప్‌డేట్' నొక్కాను. "మీ ఫోను అప్ టు డేట్‌గా ఉంది" అని వచ్చింది! తాతకి నవ్వొచ్చింది. "బాగుందని అదే చెప్తుంది కదరా, మరి పనికిరాదంటావేంటి?" అన్నాడు.

అసలు సంగతి ఇది. కొత్త ఆండ్రాయిడ్‌ని గూగుల్ తయారు చేస్తుంది. దాన్ని ఒక్కో ఫోనుకీ సరిపోయేలా మార్చి పంపాల్సింది ఆ ఫోను చేసిన కంపెనీ. కొన్నేళ్ళు పోయాక వాళ్ళు పంపడం మానేస్తారు. అక్కడ 'అప్ టు డేట్' అంటే కొత్తదని కాదు, ఇక పంపేదేమీ లేదని.

మా ఊళ్ళో సెల్ రిపేరు నేర్చిన అన్న ఒకడున్నాడు. "బయటి సాఫ్ట్‌వేర్ ఎక్కించి చూడొచ్చు. కానీ లోపలున్నదంతా చెరిగిపోద్ది. మధ్యలో కరెంటు పోతే ఫోనే చచ్చిపోవచ్చు" అన్నాడు. ఆ మాట వినగానే తాత ఫోను లాగేసుకున్నాడు. "దీంట్లో మీ నాయనమ్మ ఉందిరా" అన్నాడు.

నాయనమ్మ 2021లో పోయింది. 2022 జూలైలో భద్రాచలం దగ్గర గోదావరి 71.3 అడుగులకి వచ్చినప్పుడు శబరి ఎగదన్ని మా గూడెం మునిగింది. గోడ మీది ఫోటోలు కూడా నీళ్ళలో కలిసిపోయాయి. తాత ఈ ఫోనుని పాలిథిన్ కవర్లో చుట్టి తలపాగాలో పెట్టుకుని గుట్టెక్కాడు. భూమి పండుగకి నాయనమ్మ పాడిన రేల పాటలు 11 అందులోనే ఉన్నాయి. ఇంకెక్కడా లేవు. వాటిలో కొన్ని చరణాలు ఇప్పుడు మా గూడెంలో ఎవరికీ రావు.

అందుకని ముందు మెమరీ కార్డు తెచ్చి పాటలూ ఫోటోలూ దాంట్లోకి కాపీ చేశాం. దీనికి నెట్ కూడా అక్కర్లేదు. ఆ కార్డు అన్న కంప్యూటర్లో పెట్టి ఇంకో కాపీ తీశాం. రెండుచోట్లా తెరిచి విన్నాం. పాట వినబడగానే పక్కింటి అవ్వ వచ్చి గొంతు కలిపింది. అంతా అయ్యాక తాత, "ఇక దాన్ని కదపొద్దు" అన్నాడు. మేమూ ఏమీ ఎక్కించలేదు. నాన్న మాటలు ఇప్పుడు పిన్ని ఫోనులో వింటున్నాడు. పాత ఫోను పాటలకీ, మామూలు కాల్స్‌కీ ఉంచుకున్నాడు.

సెలవులకి పోయేవాళ్ళు ఇవి గుర్తుంచుకోండి:

1. అప్‌డేట్ నొక్కే ముందు ఆ ఫోనులో ఏముందో పెద్దవాళ్ళని అడగండి. దాన్ని ఇంకోచోట కాపీ చేసి, తెరిచి చూడండి.
2. ఛార్జింగ్ సగానికి పైన ఉంటేనే మొదలుపెట్టండి. మధ్యలో ఆపకండి.
3. అప్‌డేట్ సెట్టింగ్స్ నుంచి గానీ ప్లే స్టోర్ నుంచి గానీ చేయాలి. 'అప్‌డేట్' పేరుతో మెసేజ్‌లో వచ్చే లింకూ ఫైలూ నొక్కితే బ్యాంకులో డబ్బులు పోవచ్చు.
4. ఫోను వాళ్ళది. చేయాలో వద్దో వాళ్ళనే చెప్పనివ్వండి.

పాత ఫోనని నవ్వకండి. మన భాషలో పాడిన మనిషి గొంతు దాంట్లో ఉండొచ్చు. ఈసారి ఇంటికి పోయేటప్పుడు ఒక మెమరీ కార్డు కొనుక్కుని పొండి.

– 10వ తరగతి విద్యార్థి